పావు ఎనిమిది

"గురువారం, కాలువ గట్టు మీద బెంచీ దగ్గర. ఫియర్టెల్ అఖ్ట్," అంది రోమీ, రొట్టె పొట్లం కడుతూ.

జర్మన్‌లో ఫియర్టెల్ అంటే పావు, అఖ్ట్ అంటే ఎనిమిది. ఎనిమిదింపావన్నమాట, అనుకున్నాను. మాది హాంబుర్గ్. లైప్‌జిగ్ వచ్చి మూడు వారాలే అయింది. ఆమెను చూడటానికి రోజూ వాళ్ల బేకరీలో రొట్టెలు కొని, తినలేక ఆఫీసులో పంచిపెడుతున్న రోజులవి.

ఎనిమిదింపావుకి పూలతో వెళ్లాను. బెంచీ ఖాళీ. గంట కూర్చుని, పూలు పట్టుకుని తిరిగొచ్చాను.

మర్నాడు నా చేతిలో రాయిలాంటి రొట్టె పెట్టింది.

"ఇది నిన్నటిదండీ."

"లేటుగా వచ్చేవాళ్లకి లేటు రొట్టే."

"నేనా లేటు? ఎనిమిదింపావుకి అక్కడే ఉన్నాను. మీరే రాలేదు."

"ఎనిమిదింపావని ఎవరన్నారు? ఏడుంపావుకి వచ్చి ఎనిమిది దాటేదాకా బాతులతో కబుర్లు చెప్పాను. పొద్దున్నే పిండి కలపాల్సినదాన్ని, ఎనిమిదికల్లా పడుకోవాలి. మీకోసం నిద్ర మానుకున్నాను, తెలుసా?" నాకు ప్రాణం ఉసూరుమంది.

లోపలి నుంచి వాళ్ల నాన్న కేకు, కత్తి పట్టుకుని వచ్చాడు. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఇది ఎనిమిదో కేకు అనుకో బాబూ. ఏడు అయిపోయాయి. ఇందులో పావు తిన్నాం. ఎన్ని తిన్నట్టు?"

"ఏడుంపావు."

"ఎనిమిదో దాంట్లో పావు. అదే ఫియర్టెల్ అఖ్ట్."

"మా ఊళ్లో అలా అనరండీ."

"మరి ఏడున్నరని ఏమంటారు?"

"అర ఎనిమిది."

"అరకి ఒప్పుకున్నవాడివి, పావుకేం రోగం?"

వెనక వరుసలో ఉన్న ముసలావిడ కిసుక్కున నవ్వింది.

"రోమీ, ఈ సాయంత్రం ఫియర్టెల్ అఖ్ట్‌కి వస్తారా?" అన్నాను.

"చూస్తాను," అంది, తల ఎత్తకుండా.

ఈసారి ఏడుంపావుకే వెళ్లి కూర్చున్నాను. ఏడున్నరయింది. ఎనిమిదయింది. ఇక రాదులే అని లేవబోతుంటే, ఎనిమిదింపావుకి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఎప్పుడొచ్చావ్?"

"ఏడుంపావుకి. మీ లెక్క."

"అయ్యో నా ఖర్మ. నేను నీ లెక్కకి వచ్చాను."

బాతులు బెదిరిపోయేలా నవ్వుకున్నాం. పక్కన కూర్చుని ఆవులించింది. మెల్లగా తల నా భుజం మీద వాల్చింది.

"రోమీ, నువ్వంటే నాకు ప్రాణం," అన్నాను. కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"పావే వినిపించింది," అంది కళ్లు తెరవకుండా. "మళ్లీ చెప్పు."