మూడొందల ఇరవై స్పీడు

"మూడొందల ఇరవయ్యా! ఈ కారా?"

షెడ్డులోకి అడుగుపెడుతూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. కార్ల పత్రికలో ఆమెకు ఉద్యోగం. పాఠకులు తమ బళ్ళ గురించి రాసే గొప్పలు నిజాలో, కోతలో తేల్చడం ఆమె పని. ఉత్తరం రాసిన మెకానిక్ చేతుల మసి గుడ్డకి తుడుచుకుంటూ ఆమెనే చూస్తున్నాడు.

"మా తాతయ్య కారండీ. ఒకప్పుడు వెళ్ళిందట."

"తలుపుకి తాడెందుకు కట్టారు?"

"ఆ స్పీడుకి ఎగిరిపోకుండా."

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. అది చూస్తూ అతను పానా కాలి మీద పడేసుకున్నాడు.

వెనక సీట్లో తాతయ్య అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. "పెళ్ళైన కొత్తలో మా ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళానమ్మా. 'మెల్లగా!' అని అరిచింది. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కున్నాక గానీ ఆ కేక నాకు వినిపించలేదు."

"కేక వెనకబడిపోయిందా?"

"పాపం, దానికి మా స్పీడెక్కడిది!"

ఊరి బయట ఎవరూ వాడని రన్‌వే ఉంది. అక్కడికి వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె ముందు సీట్లో, వేగం కొలిచే పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను యాక్సిలరేటర్ తొక్కాడు. కారు గజగజ వణికింది. స్పీడోమీటర్ ముల్లు వంద దాటింది, రెండొందలు దాటింది, మూడొందల ఇరవై దగ్గర ఆగింది.

"చూశావా అమ్మా!" అన్నాడు తాతయ్య.

అప్పుడే ఒక వీధికుక్క కారు పక్కనే పరుగెత్తుతూ వచ్చి, ఆమె వైపు ఓసారి చూసి, దాటుకుని వెళ్ళిపోయింది.

పెట్టెలో అంకె నలభై ఆరు.

అతను కారు ఆపి వానలోకి దిగాడు. ఆమె కూడా దిగింది.

"తాతయ్యకి చెప్పకండి. ముల్లు లూజని నాకు ముందే తెలుసు."

"తెలిసీ ఎందుకు రాశారు?"

"రెండేళ్ళుగా మీరు రాసేవన్నీ చదువుతున్నాను. ఒక్కసారి చూడాలనిపించింది. మామూలు కారైతే మీరు రారు కదా." అతను తల దించుకున్నాడు. "నానమ్మ పోయాక తాతయ్య నవ్వేది ఈ కథ చెప్పేటప్పుడే. నా పిచ్చితో దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాను."

"అబద్ధం రాయడం నాకు చేతకాదండీ," అని, ఆమె వెనక కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"తాతగారూ, నలభై ఆరేనండీ."

తాతయ్య పకపకా నవ్వాడు. "ఆ రోజు ముప్ఫై కూడా దాటలేదమ్మా! ముల్లు చూసి మూడొందల ఇరవై అన్నది మా ఆవిడే. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కానీ అలా అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలీ! నలభై ఏళ్ళు ఇద్దరం అదే మాట మీద నిలబడ్డాం. నువ్వు నలభై ఆరనే రాయి తల్లీ. ఆవిడ నవ్విందని కూడా రాయి."

ఆమె రెండూ రాసుకుంది. తర్వాత మెకానిక్ వైపు తిరిగింది.

"ఆదివారం మళ్ళీ వస్తాను. పత్రిక పనిమీద కాదు."

కారులోంచి తాతయ్య కేకేశాడు.

"ఒరేయ్, పిల్ల తడిసిపోతోంది! గుడ్లప్పగించి నిలబడ్డావేంట్రా, గొడుగు పట్టు!"

అతను పరుగున గొడుగు తెచ్చాడు గానీ, తెరవడం మరిచిపోయాడు. ఆమే తెరిచి ఇద్దరి మీదా పట్టింది.