అట్ట లేని నవలలో స్వరూప ఎవరు?

"చిలుక!" అని అరిచాడు లింగం. "టీచర్, స్వరూప రాణిగారి చిలుక! ఎప్పుడు సూడు, లొడలొడ మాట్లాడుతనే ఉంటది!"

ఆరో తరగతి పగలబడి నవ్వింది. కమలాకుమారి టీచర్ కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. స్వరూపకు అదే ఎక్కువ మండింది. లింగం నవ్వితే నవ్వాడు, వాడికి వేరే పనేముంది? టీచర్ ఎందుకు నవ్వాలి?

ఆఖరి పీరియడ్‌లో టీచర్ రోజూ ఒక పాత నవల చదివి వినిపిస్తారు. దానికి అట్ట లేదు. మొదటి పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. పేరేమిటో, రాసిందెవరో టీచర్‌కే తెలియదు. "మా తాతగారు చదివారు, మా నాన్న చదివారు, ఇప్పుడు మీ వంతు" అని మాత్రం చెప్పారు. పిల్లలు దాన్ని అట్ట లేని నవల అనేవాళ్లు.

నది ఒడ్డున ఒక కోట. కోట చుట్టూ శత్రువులు. పడవవాడి కూతురు సౌగంధి ఒంటరిగా నది దాటి కబురు తీసుకెళ్లాలి. ఆమె స్నేహితురాలు చంపక. ఇంకా రాణి, సేనాపతి, ఆయన గుర్రం, రాణిగారి చిలుక. కథ అక్కడిదాకా వచ్చింది.

ఆ రోజు టీచర్ పుస్తకం మూసి, "సరే, మన క్లాసులో ఎవరు ఎవరిలా ఉంటారు?" అని అడిగారు.

స్వరూప తన జడను ముందుకు వేసుకుంది. సౌగంధికి నడుము దాటిన జడ. స్వరూపకూ అంతే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం మీద కూర్చుని, చీపురు తెడ్డులా పట్టుకుని ఎన్నిసార్లు నది దాటిందో ఆమెకే తెలుసు.

కానీ అందరూ ఒక్క గొంతుతో "హమీదా సౌగంధి!" అన్నారు. పోయిన వానాకాలం మురుగు మోరీ పొంగి రోడ్డెక్కినప్పుడు చిన్న పిల్లల చేతులు పట్టుకుని దాటించింది హమీదానే కదా!

హమీదా స్వరూప పక్కనే కూర్చుంటుంది. ఒకటో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచి. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె సిగ్గుపడి తల వంచుకుంది. స్వరూప మాత్రం చప్పట్లు కొట్టలేదు. కడుపులో మంట మొదలైంది. 'అది సౌగంధి అట, నేను చిలుక అట' అనుకుంది.

సాయంత్రానికీ ఆ మంట చల్లారలేదు.

అవి తొంభైల రోజులు. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగాయి. స్వరూప వాళ్ల బస్తీలో బోరు కొడితే నీళ్లు ఎర్రగా వచ్చేవి. గిన్నెలు కడగడానికి కూడా పనికొచ్చేవి కాదు. అందుకే రోజు విడిచి రోజు సాయంత్రం ట్యాంకర్ వచ్చేది. మధ్యాహ్నం నుంచే కిరాణా కొట్టు ముందు బిందెలు వరుస కట్టేవి. అంతసేపు ఎండలో ఎవరు నిలబడతారు? బిందె పెట్టి ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లు. "బిందె ఉన్నదంటే మనిషి ఉన్నట్టే" అనేది బస్తీ మాట. ఎంత కొట్లాటలున్నా, పక్కవాళ్ల బిందెను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

స్వరూప తన స్టీలు బిందె పట్టుకుని వచ్చేసరికి హమీదా బిందె చాలా ముందుంది. నీలం ప్లాస్టిక్ బిందె. చిల్లు పడ్డచోట కరిగించి అతికించిన మచ్చ ఉంటుంది. దూరం నుంచే గుర్తు పట్టొచ్చు.

'ఇక్కడ కూడా ముందు అదే!' అనుకుంది స్వరూప.

హమీదా పరుగున వచ్చింది. "స్వరూపా, అమ్మీకి బుఖార్ తగ్గుతలేదే. మందేసి వస్త. జెర నా బిందె సూడు."

"సూస్త పో" అంది స్వరూప.

హమీదా వెళ్లిపోయింది. ఆడవాళ్లంతా కొట్టు అరుగు మీద, నీడలో కబుర్లు చెప్పుకుంటున్నారు. స్వరూప అటు చూసింది, ఇటు చూసింది. నీలం బిందెను వరుసలోంచి లాగింది. తీసుకుపోయి అన్నిటికంటే వెనక పెట్టింది. వచ్చి తన బిందె పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ట్యాంకర్ వచ్చింది. పైపు ఒక బిందె నుంచి ఇంకో బిందెకు మారుతోంది. స్వరూప బిందె నిండింది. ఆ తర్వాత ధార సన్నబడింది. చివరి బిందెల దాకా రాకుండానే ఆగిపోయింది. ట్యాంకర్ కదిలింది.

హమీదా వచ్చి ఖాళీ బిందె ముందు నిలబడిపోయింది. "గిదేంది? నేను ముందల వెట్టిన కదనే?"

"ఏమో. నాకేం ఎరుక? నేను సూడలే" అంది స్వరూప.

"ఎవరన్న జరిపిండ్రా?"

"సూడలే అంటున్న కదా!"

హమీదా ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "పోనీ తియ్యి. నువ్వు సూస్తే ఊకుంటవా?" అంది. ఖాళీ బిందె చంకనెత్తుకుని రోడ్డు వైపు నడిచింది. అంత దూరంలో కంపెనీ గేటు దగ్గర నల్లా ఉంది. కాపలా ఉండే తాతను బతిమాలితే ఒక బిందె పట్టుకోనిస్తాడు.

ఆ పూట స్వరూపకు అన్నం దిగలేదు. "ఏమైంది బిడ్డా?" అని నాయనమ్మ రాజవ్వ అడిగింది. "ఏం లేదవ్వా" అంది. మంట తగ్గుతుందనుకుంది కానీ తగ్గలేదు. దాని మీద ఇప్పుడు భయం కూడా చేరింది.

మర్నాడు హమీదా మాసిన యూనిఫాంతో బడికి వచ్చింది. జడలు కూడా సరిగ్గా వేసుకోలేదు. మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో నిద్రపోయి తిట్లు తింది. స్వరూప బెంచి చివరికి జరిగి కూర్చుంది.

ఆఖరి పీరియడ్ వచ్చింది. కమలాకుమారి టీచర్ అట్ట లేని నవల తెరిచారు.

"చంపక రేవు దగ్గరికి వచ్చింది. సౌగంధి పడవ అక్కడే ఉంది. పడవలో తెడ్డు ఉంది. చంపక అటు చూసింది, ఇటు చూసింది. తెడ్డు తీసి రెల్లు పొదల్లో దాచింది. ఏమీ ఎరగనట్టు ఇంటికి వెళ్లిపోయింది."

'ఈ పుస్తకం రాసినాయనకు మా బస్తీ ఎట్లా తెలుసు?' అనుకుంది స్వరూప.

"ఛీ ఛీ చంపక!" అని అబ్బాయిలు అరిచారు.

"ఆగండి" అన్నారు టీచర్. "సౌగంధి ఆమెకు ఏం అపకారం చేసింది? చంపక ఎందుకిలా చేసిందో ఎవరు చెప్తారు?"

"అది చెడ్డది టీచర్, గంతే!" అన్నాడు లింగం.

"అంతేనా? ఇంకెవరైనా?"

స్వరూప ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు.

"సౌగంధి ఏం చెయ్యలే టీచర్. చంపకకు గదే కోపం. ఏమన్న చేస్తే కొట్లాడొచ్చు. ఏం చెయ్యకున్నా అందరు సౌగంధి, సౌగంధి అంటరు. చంపకకు గూడ పడవ నడపాలని ఉండెనేమో. ఒక్కరు గూడ ఆమెను అడగలే."

టీచర్ పుస్తకం బల్ల మీద పెట్టారు. "తెడ్డు దాచాక ఆమెకు సంతోషంగా ఉందా?"

"లేదు టీచర్. అన్నం దిగలే."

"గది పుస్తకంల లేదు కదా! నీకెట్ల తెలుసు?" అన్నాడు లింగం.

స్వరూప గబుక్కున కూర్చుంది. పక్కనుంచి హమీదా తననే చూస్తోందని ఆమెకు తెలుసు. తల తిప్పలేదు. గంట కొట్టగానే సంచి తీసుకుని ఇంటికి ఉరికింది.

ఇంట్లో రెండు బిందెలున్నాయి. స్వరూప ఒకటి ఎత్తబోయింది.

"యాడికే?" అంది రాజవ్వ.

"హమీదోళ్లింటికి. అవ్వా, నిన్న దాని బిందె... నేనే ఎన్కకు జరిపిన."

రాజవ్వ కూరగాయలు తరగడం ఆపింది. "బిందె జరిపితే మనిషిని మెడవట్టి గెంటినట్టే కదనే" అంది. "గది సగమే ఉన్నది. నిండ ఉన్నది తీస్కపో."

నీళ్లు తొణికి గౌను తడుస్తుంటే స్వరూప హమీదా ఇంటి ముందు బిందె దించింది. హమీదా తలుపు తీసింది.

"నీ బిందె నేనే జరిపిన" అంది స్వరూప. నీళ్లు దారిలో తొణికాయి, మాటలు ఇక్కడ తొణికాయి. "నేనే ఆఖరికి వెట్టిన. సూడలే అని అబద్ధం చెప్పిన."

"నిన్ను సూడమని చెప్పి పోయిన కదనే!" అంది హమీదా. "ఎందుకే?"

"నిన్ను సౌగంధి అన్నరని."

"నేనడిగిన్నా? నాకు సేనాపతి గుర్రం కావాలనుండె! గది ఎవ్వలు ఆపినా ఆగదు గదా!" హమీదా కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "నువ్వు చిలుకవు గాదు. చంపకవు."

లోపలి నుంచి హమీదా తల్లి ఆలంబీ నీరసంగా పిలిచింది. "ఎవరు బేటీ?"

"ఎవ్వరు లేరమ్మీ" అంది హమీదా.

లింగం చిలుక అన్నప్పుడు కూడా స్వరూపకు ఇంత నొప్పి కలగలేదు. హమీదా బిందె లోపలికి తీసుకెళ్లి, నీళ్లు ఒంపుకుని, ఖాళీ బిందె తెచ్చి గడప బయట పెట్టింది. తలుపు వేసుకుంది.

మర్నాడు బడికి టీచర్ రాలేదు. నవల ఆగిపోయింది. హమీదా వెళ్లి వేరే బెంచిలో కూర్చుంది.

ఆ సాయంత్రం మళ్లీ ట్యాంకర్ రోజు. బడి వదలగానే స్వరూప ఇంట్లో ఉన్న రెండు బిందెలూ పట్టుకుని కిరాణా కొట్టు దగ్గరికి పరుగెత్తింది. రెండూ వరుసలో పెట్టింది. ఎదురింటి ముత్యమ్మ చూసింది.

"ఏందే, ఒక్కదానికి రెండు బిందెలా?"

"ముందలిది హమీదాది అత్తా."

"గా పిల్ల రానే రాలే!"

"బిందె ఉన్నదంటే మనిషి ఉన్నట్టే కదత్తా" అంది స్వరూప. ముత్యమ్మ గొణుక్కుంటూ తన బిందె వెనక పెట్టుకుంది.

హమీదా చాలా ఆలస్యంగా వచ్చింది. నీలం బిందె పట్టుకుని వరుస చివరికి నడుస్తోంది.

"హమీదా! నీ జాగ గిక్కడ" అని పిలిచింది స్వరూప. ముందున్న బిందె తీసి పక్కన పెట్టింది. ఖాళీ అయిన చోట నేల మీద బిందె అడుగు గుండ్రంగా అచ్చు పడింది.

హమీదా ఆ గుండ్రటి అచ్చును చూసింది. మెల్లగా వచ్చి నీలం బిందెను అందులో పెట్టింది.

"చంపక తెడ్డు మళ్ల తెచ్చిస్తదంటవా?" అంది ఎటో చూస్తూ.

"ఇస్తదేమో."

"సూద్దాం" అంది హమీదా. ఇంకా నవ్వలేదు. రెండడుగులు వేసింది. ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మీకి మందెయ్యాలె. జెర నా బిందె సూడు."

స్వరూప తల ఊపింది. నీలం బిందె మూతి మీద చెయ్యి వేసి నిలబడింది. ట్యాంకర్ వచ్చి, హమీదా తిరిగి వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.