ఎనిమిదో పేజీలోని పట్టిక

ఆ ఆదివారం ఉదయం కాఫీల వేళ బల్ల దగ్గర ఉన్నవారు నలుగురు: తలవైపు కుర్చీలో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా పదవీ విరమణ చేసిన మామగారు, ఆయన కుడిపక్కన అత్తగారు, ఎడమపక్కన కొడుకు, చివరగా వచ్చి కూర్చోకుండా నిలబడిపోయిన కోడలు. ఆమె చేతిలో ఒక పాత పరిశోధన వ్యాసం నకలు ఉంది. మర్నాడే ఆమె తన సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించాలి.

"మామయ్యగారూ, ఉల్లి విత్తనం ఐదేళ్లు నిలుస్తుందని మీ పుస్తకంలో ఉంది. ఈ వ్యాసాన్నే ఆధారంగా చూపించారు."

"చూపించాను. ముప్పయ్యేళ్లుగా ఎవరూ వేలెత్తి చూపలేదు."

"ఐదేళ్లు నిలిచినవి గాలి చొరబడని సీసాల్లోవండీ. సంచుల్లోవి ఏడాదికే చచ్చాయి. ఎనిమిదో పేజీ పట్టికలో ఉంది. నా గ్రంథంలో ఆ మాట రాశాను."

"నా పేరుతో సహానా?"

"పేరు లేకపోతే ఎలాగండీ, ఎవరి మాట సరిదిద్దానో తెలియొద్దూ?"

కొడుకు కప్పు కింద పెట్టాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే."

"వాసాలు పుచ్చినప్పుడు లెక్కపెట్టక ఏం చేస్తార్రా?" అంది అత్తగారు.

మామగారు ఎవరి వైపూ చూడలేదు. "ఆ పేరా తీసెయ్యమ్మా. నా పేరు ఒక్కటే నేను సంపాదించుకున్నది."

"తియ్యలేనండీ. మీ మాట నమ్మి పాత విత్తనం చల్లినవాళ్లను కలిశాను. ఒక్క మొలకా రాలేదు. తెలిసి వదిలేస్తే నాదీ అబద్ధమే అవుతుంది."

ఆయన నకలు అందుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పట్టిక మూడుసార్లు చదివారు. అప్పట్లో గ్రంథాలయంలో దొరికింది సారాంశాల సంపుటి ఒక్కటే. ప్రచురణకర్త తొందరపెడుతుంటే నాలుగు వాక్యాల సారాంశం చూసి రాసేశారు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవనిదే ఏ వ్యాసాన్నీ ఉదహరించవద్దని తరతరాల విద్యార్థులకు బోధించిన నోరు అది. సిగ్గుతో ఆయన కళ్లు చెమర్చాయి.

బయటికి వచ్చినప్పుడు ఆయన నడుము నిటారుగానే ఉంది.

"నేను సారాంశమే చదివానమ్మా. ఏదీ, ఏం రాశావో చూపించు."

ఆమె చూపించింది. ఆయన కలం తీశారు.

"'పొరపాటు కావచ్చు' ఏమిటి? 'పొరపాటు' అని రాయి. ఆధారం చేతిలో ఉన్నవాళ్లు నసగకూడదు."

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. ఆ పేరా అలాగే వెళ్లింది. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఏడాది తిరక్కుండా వెలువడిన ఆయన పుస్తకం కొత్త ముద్రణ ముందుమాటలో ఈ వాక్యాలున్నాయి: "గత ముద్రణలన్నిటిలోని ఒక దోషాన్ని నా కోడలు, మూలవ్యాసాన్ని ఆసాంతం చదివి, నా ఎదుట నిలిచి తెలియజేసినది. ఆమె పాండిత్యమునకును, ధైర్యమునకును ఈ రచయిత సగౌరవముగా కృతజ్ఞుడు."