మగపెళ్ళివారికి ఎనిమిది జీబీ

వేదాద్రి బొటనవేళ్ళతో నొక్కగానే ముప్ఫై రెండు జీబీల ర్యామ్ స్లాట్‌లో క్లిక్కుమని కూర్చుంది. పక్క స్లాట్‌లో పాతది, ఎనిమిది జీబీలది, అలాగే ఉంది. కూతురి పెళ్ళి సగం చేసేసినంత తృప్తిగా ఆయన డెస్క్‌టాప్ మూత బిగించి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

2061 నాటికి కాకినాడలో బాజాలు లేకుండా పెళ్ళి జరిగిందేమో గాని, 'మర్యాద' యంత్రం లేకుండా జరగలేదు. దాన్ని కనిపెట్టింది డాక్టర్ కౌముది. చూడ్డానికి మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరే. గుమ్మం దగ్గరి కెమెరా వచ్చినవాళ్ళ మొహం పోల్చుకుంటుంది. వాళ్ళకి ఎప్పుడు ఎవరిమీద కోపమొచ్చిందో, ఏ పెళ్ళిలో కాఫీ చల్లారాక అందిందో క్షణంలో వెతికి, ఎదుర్కోలు చెప్పేవాళ్ళ చెవిలో ఊదుతుంది. ఎవరి పక్కన ఎవరిని భోజనానికి కూర్చోబెట్టకూడదో కూడా అదే చెబుతుంది.

దానికి రెండు స్లాట్లు. ఒకటి ఆడపెళ్ళివారిది, రెండోది మగపెళ్ళివారిది. తరాల సంగతులన్నీ డిస్క్‌లో ఉన్నా, ర్యామ్‌లోకి ఎక్కినవే పెళ్ళినాడు అక్కరకొస్తాయి. కొత్తవి ముందు ఎక్కుతాయి. చోటు చాలకపోతే పాతవి బయటే ఉండిపోతాయి.

"జోడీ కొనమన్నాను కదండీ! రెండూ ఒకే సైజువి ఉండాలి," అంది కౌముది, ముందురోజు చూడ్డానికి వచ్చి.

"ఎందుకమ్మా? మావాళ్ళు మూడొందలమంది, వాళ్ళు ముప్ఫైమంది. ఎవరికెంత కావాలో అంత. ఆ ఎనిమిది నిక్షేపంలా పనిచేస్తుంటే పారెయ్యమంటావా?"

"పనిచేస్తుంది, కాదనను. కానీ మగపెళ్ళివారిలో ఒక్కొక్కరి మర్యాదల చిట్టా మీవాళ్ళు పాతికమందికి సరిపోయేంత ఉంటుంది. పైగా, పంక్తికి అటొకడు ఇటొకడు పప్పుచారు వడ్డిస్తున్నారనుకోండి. ఇద్దరి బకెట్లూ సమానమైతే కలిసి చకచకా పోతారు. ఒకడిది చిన్న గిన్నె, ఒకడిది బకెట్టు అయితే? గిన్నె ఖాళీ అయ్యేదాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కడే చచ్చీచెడీ వడ్డించాలి. యంత్రం పాడవదు, నెమ్మదిస్తుంది."

"నెమ్మదిస్తే నెమ్మదించనీ. అలక రాకుండా చూస్తే చాలు."

ఆ మాటలో భయముంది. వేదాద్రి చిన్నప్పుడు అక్కగారి పెళ్ళిలో మగపెళ్ళివారు అలిగి విడిదిలో తలుపేసుకున్నారు. ముహూర్తం దాటిపోతుంటే ఆ తలుపు ముందు నిలబడి తండ్రి ఏడవడం ఆయన కళ్ళారా చూశాడు. కూతురు మంజీర పెళ్ళిలో అలా జరగకూడదు. ఆయనకున్న కోరిక అదొక్కటే.

సొంత తమ్ముడు నరహరితో పధ్నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఉమ్మడి పెరట్లో పనసచెట్టు వేదాద్రి కొట్టించేశాడని గొడవ. ఇద్దరినీ వేర్వేరు పంక్తుల్లో కూర్చోబెట్టాలని యంత్రం తెరమీద ఎర్రటి అక్షరాలతో చూపించింది. దాని జాగ్రత్త ఆయనకు ఎంతో నచ్చింది.

పెళ్ళిరోజు పొద్దున్నే ఆడపెళ్ళివారి బంధువులు ఉబ్బితబ్బిబ్బైపోయారు. వేలువిడిచిన పిన్నిగారిని కూడా, "2043లో మోకాలు ఆపరేషన్ చేయించుకున్నారు, ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగారు మరి. మగపెళ్ళివారికి మాత్రం, "నమస్కారం, దయచేయండి," అంతే.

పెళ్ళికొడుకు మేనమామ భైరవమూర్తి ఇదంతా గుమ్మంలోనే నిలబడి గమనించాడు.

"వేదాద్రిగారూ, మీ పిన్నిగారి మోకాలు గుర్తున్న యంత్రానికి నా గుండె ఆపరేషన్ గుర్తులేదేం?"

"యంత్రం తప్పు కాదు అన్నయ్యగారూ," అన్నాడు వేదాద్రి, ఉన్న విజ్ఞానమంతా పంచిపెట్టే ఉత్సాహంలో. "మాది ముప్ఫై రెండు, మీది ఎనిమిది."

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం.

"అంటే మగపెళ్ళివారం మీలో నాలుగోవంతన్నమాట!" అన్నాడు భైరవమూర్తి. పది నిమిషాల్లో ముప్ఫైమందీ విడిదిలో ఉన్నారు. తలుపు గడియపడింది.

ముహూర్తం పదీ నలభై రెండుకి. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. వేదాద్రి విడిది ముందుకెళ్ళి తలుపు తట్టాడు. తలుపు ముందు తను కాదు, తండ్రే నిలబడినట్టనిపించింది.

కౌముది పరుగున వచ్చింది. "ర్యామ్‌లు రెండూ అటూఇటూ మార్చేస్తే సరి. కానీ మీ మూడొందలమందికీ ఎనిమిదే మిగులుతుంది. ఐదేళ్ళకు మించి వెనక సంగతులు పట్టవు."

"మావాళ్ళు మావాళ్ళే, సర్దుకుంటారు. ముందు తలుపు తీయించు తల్లీ!"

ముప్ఫై రెండు జీబీల ర్యామ్‌ని వెండిపళ్ళెంలో పెట్టి, సన్నాయి మేళంతో విడిదికి ఊరేగించారు. భైరవమూర్తి కళ్ళజోడు పెట్టుకుని, దానిమీద అంకె రెండుసార్లు చదివాకే గడప దాటాడు. ముహూర్తానికి జీలకర్రా బెల్లం పడ్డాయి. వేదాద్రి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర మొదలైంది అసలు సంగతి. ముప్ఫై రెండు జీబీలూ మగపెళ్ళివారి పాత కక్షలతో కిటకిటలాడుతున్నాయి. వడ్డన మేస్త్రీ, యంత్రం తన చెవిలో చెప్పింది చెప్పినట్టు భైరవమూర్తిని పైకే అడిగాడు:

"అయ్యా, తమరు పెళ్ళికొడుకు నాన్నగారి పక్కన కూర్చోరట కదా? 2034లో ఒడుగునాడు మీకు పంచెలు పెట్టడం మర్చిపోయారట!"

భైరవమూర్తి ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. "అవును, పెట్టలేదు!" అంటూ విస్తరి ముందునుంచి లేచాడు. పెళ్ళికొడుకు పిన్నికి వదినగారి మాట గుర్తొచ్చింది, వదినగారికి ఇంకెవరిదో. ముప్ఫైమందికి పంతొమ్మిది పంక్తులు వేయాల్సొచ్చింది.

ఆడపెళ్ళివారు మూడొందలమందీ కలిసి కూర్చుని నవ్వుతూ తింటున్నారు. చివరి విస్తరి ముందు కూర్చున్నాక గాని వేదాద్రి పక్కకు చూడలేదు. పక్కన నరహరి.

ఎనిమిది జీబీల్లో పనసచెట్టు పట్టలేదు. లేచిపోదామంటే మగపెళ్ళివారిని చూసి అప్పటిదాకా నవ్వింది తనే. విస్తరి సర్దుకుని అలాగే కూర్చున్నాడు. వడ్డించేవాడు పనసపొట్టు కూర వేసి వెళ్ళాడు.

నరహరి ఒక ముద్ద తిన్నాడు. "కూర బావుంది అన్నయ్యా. మన చెట్టు కాయకున్నంత రుచి లేదనుకో."

వేదాద్రి కలుపుతున్న ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. "కొట్టించకుండా ఉండాల్సిందిరా," అన్నాడు. పధ్నాలుగేళ్ళూ ఆ మాట నోట్లోనే ఉందని అప్పుడే తెలిసింది. నరహరి తన విస్తట్లో అప్పడం తీసి అన్నగారి విస్తట్లో వేశాడు.

ఆ ఏడాది నుంచి మగపెళ్ళివారు సంబంధం ఖాయం కాకముందే అరవై నాలుగు జీబీలకు తగ్గితే కుదరదంటున్నారు. ఆడపెళ్ళివారు అలాగేనని తలూపి, తమ వైపుకి మాత్రం ఉన్నవాటిలో అతి చిన్నది ఇమ్మని కౌముది దగ్గరికి చాటుగా వస్తున్నారు. అంత చిన్నవి చేయడం మానేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు కాకినాడలో నాలుగు జీబీల ర్యామ్ ముప్ఫై రెండు జీబీలదానికంటే ఖరీదు.