అరగంట ఖాళీగా ఉన్న కుర్చీ

"నీకు పెళ్ళాం, పిల్ల ఉన్నారు కదా, కర్టిస్?" అన్నాడు హేవర్టీ.

తన కింద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న సీక్రెట్ ఏజెంట్‌ని చీఫ్ అడగాల్సిన ప్రశ్న కాదది. మిన్నెసోటాలోని డులూత్ ఊరి చివర కార్పెట్ గోడౌన్‌లో, చుట్టలు చుట్టి పేర్చిన తివాచీల మధ్య ఇద్దరూ నిలబడి ఉన్నారు. మార్చి వచ్చినా బయట మంచు మోకాలి లోతు ఉంది. కర్టిస్ లిండ్‌క్విస్ట్ లోకానికి కార్పెట్లు అమ్మే మనిషి. అమ్మకాలు సరిగ్గా లేక ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. భార్య మార్నీకి కూడా అంతే తెలుసు.

హేవర్టీ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ఉత్తరాది నగరాల కరెంటు మొత్తాన్ని ఒక్క దెబ్బకి ఆపేయగల చిప్ ఒకటి విదేశీ ముఠా చేతిలో పడింది. అది మెక్సికో తీరంలో ఒక రిసార్ట్‌లో చేతులు మారబోతోంది. మాంచి చలిలో కరెంటు పోతే మిన్నెసోటాలో ముసలివాళ్ళు మంచాల మీదే గడ్డకట్టుకుపోతారు. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, పేరు సబీనా. మిగతాది ఆమె చెబుతుంది.

"స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో ఒంటరి మగాడు పూల్ దగ్గర కూర్చుంటే ప్రతివాడూ చూస్తాడు. పక్కన పెళ్ళాం, నీళ్ళలో పిల్ల, నెత్తి మీద అత్తగారు ఉంటే ఒక్కడూ తల తిప్పడు. అంతకన్నా మంచి మారువేషం మన వర్క్‌షాప్‌లో లేదు" అన్నాడు హేవర్టీ.

కర్టిస్ కాదనలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, ఆఫీసు లాటరీలో ట్రిప్ తగిలిందని అబద్ధం చెప్పాడు. మార్నీ సింక్ దగ్గర నిలబడి తడి చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. వాళ్ళు నలుగురూ కలిసి ఎక్కడికైనా వెళ్ళి చాలా కాలమైంది. పదకొండేళ్ళ పైపర్ మాత్రం తండ్రిని అనుమానంగా చూసి, చిటికెన వేలు ముందుకు చాపింది.

"పని లేదు కదా నాన్నా? ఒట్టు?"

కర్టిస్ తన చిటికెన వేలు ఆ చిన్న వేలికి తగిలించాడు. ఎందరో శత్రువుల ముందు కన్ను ఆర్పకుండా అబద్ధం చెప్పిన మనిషి, ఆ రాత్రి కూతురి ముఖం చూడలేక పెట్టె సర్దే నెపంతో గదిలోకి వెళ్ళిపోయాడు.

రిసార్ట్‌లో అడుగుపెట్టగానే మణికట్టుకు తలా ఒక నారింజ పట్టీ కట్టారు. అది ఉంటే చాలు, తిన్నంత తిండి, తాగినంత తాగుడు. కర్టిస్ పట్టీ మాత్రం వర్క్‌షాప్‌ది, అందులో రేడియో ఉంది. జేబులో సన్‌స్క్రీన్ ట్యూబు ఒకటి. ముందువైపు నొక్కితే తెల్లటి క్రీము, అడుగున నొక్కితే మత్తు మందు.

అక్కడ అన్నీ ఫ్రీ, పూల్ పక్క కుర్చీ తప్ప. దానికోసం జనం తెల్లారకముందే లేస్తారు. తువ్వాలు పరిచి, గాలికి ఎగిరిపోకుండా పెద్ద ప్లాస్టిక్ క్లిప్ పెట్టి, మళ్ళీ వెళ్ళి పడుకుంటారు. అరగంటకు మించి మనిషి లేని కుర్చీ మీద సామాను తీసేస్తామని ప్రతి గొడుగు కిందా బోర్డు ఉంది. ఆ బోర్డుని రిసార్ట్‌లో ఎవరూ లెక్కచేయరు, ఒక్క అత్తగారు ఆర్లీన్ తప్ప. ఆవిడ నలభై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపింది. లైను తప్పినవాళ్ళంటే ఆవిడకి గిట్టదు. తన నాలుగు తువ్వాళ్ళు పరిచి, అక్కడే పహరా కాస్తూ, ఊరందరి కుర్చీల మీదా ఓ కన్నేసి ఉంచేది.

పైపర్ రెండో రోజే ఆటల బోర్డు మీద తన పేరూ తండ్రి పేరూ రాయించింది. గురువారం మధ్యాహ్నం తండ్రీ బిడ్డల పోటీ. పిల్లలు గాలి ట్యూబులో కూర్చుంటే తండ్రులు ఈదుతూ లాగాలి. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన స్కూలు ఫోటోలన్నిటిలోనూ తల్లి ఒక్కతే ఉంటుంది. ఈసారి ఫోటోలో తండ్రి కూడా ఉండాలని పైపర్ కోరిక, అంతకుమించి ఏమీ లేదు.

బుధవారం, నీళ్ళలోనే ఉండే బార్ దగ్గర, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకామె అతని పక్కకి వచ్చింది. ఆమె నడిచి వస్తుంటే మగాళ్ళ గ్లాసులు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?" అంది.

"నీడ తిరిగేదాకా లేరు" అన్నాడు కర్టిస్. కోడ్ కుదిరింది.

సబీనా స్ట్రా కొరుకుతూ సంగతి చెప్పింది. బార్‌కి ఎదురుగా నీలం తువ్వాలు పరిచిన కుర్చీ ఉంది. దాని క్లిప్ పసుపుపచ్చ అనాసపండు ఆకారంలో ఉంటుంది. గిఫ్ట్ షాపులో అమ్మేదే, సగం రిసార్ట్ దగ్గర ఉంది, ఆర్లీన్ దగ్గర కూడా. కానీ ఆ ఒక్కదానిలో చిప్ ఉంది. పక్క కుర్చీలో తెల్ల టోపీ పెట్టుకున్న లావుపాటి కెప్టెన్ కాపలా. గురువారం మధ్యాహ్నం అతనే ఆ తువ్వాలు చుట్టుకుని పడవెక్కుతాడు. తన ముఖం అతనికి తెలుసు కాబట్టి తను దగ్గరికి పోవడం కుదరదు, కొత్త చెయ్యి కావాలి. అలాంటిదే ఇంకో క్లిప్ పెట్టి అసలుది తీసేయాలి.

వర్క్‌షాప్ వాళ్ళు చేసిచ్చిన నకిలీ క్లిప్ కర్టిస్ దగ్గర ఉంది. అందులో ట్రాకర్ కూడా ఉంది. లేనిదల్లా కెప్టెన్ చూపు పక్కకి తిప్పే ఉపాయం.

గురువారం పొద్దున అతను చేసిన పని తర్వాత ఎన్నేళ్ళైనా అతన్ని వదల్లేదు. పైపర్‌ని పిలిచి, ఆ టోపీ పెట్టుకున్న పెద్దాయన నిజంగా ఓడ నడుపుతాడేమో అడిగి రా అన్నాడు. పిల్ల సంబరంగా పరిగెత్తింది. ఓడల గురించి అడిగింది, చేతి మీద పచ్చబొట్టు గురించి అడిగింది. కెప్టెన్ కరిగిపోయి, ఆమెకి ముడి వేయడం నేర్పుతూ కూర్చున్నాడు. కర్టిస్ వెనకనుంచి వచ్చి, వంగి, క్లిప్ మార్చేశాడు. చేతికొచ్చిన క్లిప్ స్ప్రింగ్ బాగా వదులుగా ఉంది. కోట్ల విలువైన చిప్‌ని ఇంత చవక సరుకులో పెట్టారేమిటనుకున్నాడు.

తల ఎత్తితే పైపర్ కళ్ళు అతని చేతి మీదే ఉన్నాయి.

తర్వాత దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నువ్వు ఆయన క్లిప్ తీశావా?"

"మనదే. పొరపాటున అటు వెళ్ళింది."

"మరి నన్నెందుకు పంపావ్?"

కర్టిస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఐస్‌క్రీమ్ తిందాం పద అన్నాడు. వద్దంది పిల్ల. దొంగ పని చేయడం అతనికి కొత్త కాదు, కానీ దానికి సొంత బిడ్డని అడ్డం పెట్టుకోవడం కొత్త.

తువ్వాళ్ళు ఇచ్చే గుడిసె వెనక సబీనా ఎదురు చూస్తోంది. క్లిప్ ఇవ్వమని చెయ్యి చాపింది. హేవర్టీకే ఇస్తానన్నాడు కర్టిస్. సబీనా నవ్వింది. ఆమె ముఠాకీ నమ్మకస్తురాలు కాదు, మనకీ కాదు. సొంత బేరం వేరే ఉంది.

"కెప్టెన్‌తో అంతసేపు కబుర్లు చెప్పింది నీ కూతురే కదా. ఆ పిల్లని ఎవరు పంపారో నేను ఒక్క మాట చెబితే చాలు. ఆయన నాలా నవ్వి ఊరుకునే రకం కాదు" అంది.

తన కూతుర్ని ఆ మనిషి ముందుకి తోసింది తనే. కర్టిస్ క్లిప్ ఆమె చేతిలో పెట్టాడు. ఎర్ర టోపీ పూలచెట్ల వెనక మాయమైంది. దేశానికీ అక్కరకి రాలేదు, పిల్లకీ అక్కరకి రాలేదు అనుకుంటూ, తల దించుకుని అత్తగారి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

ఆర్లీన్ మంచి హుషారుగా ఉంది. తన పొద్దుటి ఘనకార్యం చెప్పసాగింది. బార్ ఎదురుగా ఉన్న నీలం తువ్వాలు నిన్నటినుంచీ మనిషి లేకుండా అలాగే ఉందట. పక్క కుర్చీ లావాటాయన అప్పటికింకా గదినుంచి దిగి రాలేదట. రూల్ ప్రకారం ఆ తువ్వాలు తీసి పారేయొచ్చట. కానీ ఆవిడ అంత మొరటు మనిషి కాదట.

"కుర్చీ జోలికి పోలేదయ్యా. మన క్లిప్ వదులైపోయింది కదా, గాలికి తువ్వాలు ఎగిరిపోతోంది. వాళ్ళది గట్టిగా ఉంది. అది తీసుకుని మనది వాళ్ళకి పెట్టి వచ్చా. మనిషి లేని కుర్చీకి గట్టి క్లిప్ ఎందుకు?"

కర్టిస్ కుర్చీలోంచి ముందుకి వంగాడు. "అది ఇప్పుడెక్కడుంది, ఆర్లీన్?"

"పైపర్ జుట్టుకి పెట్టుకుంది. పోటీకి."

అతను లేచి చూశాడు. నీలం తువ్వాలుతో సహా ట్రాకర్‌ని చుట్టుకుని కెప్టెన్ అప్పటికే రేవు దారి పట్టాడు. అక్కడ హేవర్టీ చెప్పి ఉంచిన స్థానిక పోలీసులు కాచుకుని ఉన్నారు, ఆ సంగతి వాళ్ళు చూసుకుంటారు. పూల్‌లో పిల్లలంతా ట్యూబుల్లో సిద్ధంగా ఉన్నారు. ఒక్క ట్యూబు ముందు మాత్రం తండ్రి లేడు. అందులో పైపర్ ఎటూ చూడకుండా కూర్చుంది. ముడి వేసిన జుట్టులో పసుపుపచ్చ అనాసపండు.

కర్టిస్ చొక్కాతోనే నీళ్ళలో దూకాడు. విజిల్ మోగింది. తాడు భుజానికి తగిలించుకుని ఈదాడు. సగం దూరం వెళ్ళేసరికి ఇద్దరు తండ్రుల్ని దాటేశాడు. వెనకనుంచి పైపర్ నవ్వు వినిపించింది, పొద్దుటి సంగతి మర్చిపోయి మనసారా నవ్వుతున్న నవ్వు. గట్టు మీద మార్నీ ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తోంది. ఆ కాసేపు అతను నిజంగానే సెలవుల్లో ఉన్నాడు.

అప్పుడు కనిపించింది ఎర్ర టోపీ. గెలుపు గీత దగ్గర, నడుము లోతు నీళ్ళలో సబీనా నిలబడి ఉంది. తన క్లిప్ ఉత్తదని ఆమెకి తెలిసిపోయింది, కర్టిస్ అసలుది కూతురి దగ్గర దాచాడనుకుంది. బాగా లాగుతున్నారని చప్పట్లు కొట్టి, గెలిచే పిల్లని అందుకోబోతున్నట్టు రెండు చేతులూ చాపింది. చూపు మాత్రం పైపర్ జుట్టు మీద ఉంది.

ముందుకెళితే గెలుపు, ఫోటో, ఆ చేతులు. కర్టిస్ వెనక్కి తిరిగి, కూతురు కూర్చున్న ట్యూబుని తిరగేశాడు.

పైపర్ బుడుంగున మునిగింది. అతను ఒక చేత్తో ఆమెని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో జుట్టులోంచి క్లిప్ లాగేశాడు. సబీనా మీదికి వచ్చింది. పిల్లని వెనక్కి జరిపి, జేబులోంచి సన్‌స్క్రీన్ ట్యూబు తీసి ఆమె ముఖం వైపు అడుగు నొక్కాడు. సబీనా ఒకవైపు తేలింది, టోపీ ఒకవైపు. లైఫ్‌గార్డులు చిరాకు పడుతూ మోసుకుపోయారు. తాగుడు ఫ్రీ అయిన చోట ఇలాంటివాళ్ళు రోజూ నలుగురు. కర్టిస్ పట్టీలో హేవర్టీకి ఒక్క ముక్క చెప్పాడు, సబీనా ఎటూ పోకుండా చూడమని.

మైకు పట్టుకున్న కుర్రాడు, సొంత కూతుర్నే ముంచిన తండ్రికి అందరూ చప్పట్లు కొట్టండి అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. ఫోన్ దించేసిన మార్నీ నవ్వలేదు.

పైపర్ దగ్గుతూ అతని పిడికిలి చూసింది. "నీక్కావాల్సింది అదేనా?"

కరెంటు పోని ఊళ్ళ గురించి, గడ్డకట్టని ముసలివాళ్ళ గురించి చెప్పడానికి అతనికి అనుమతి లేదు. ఉన్నా చెప్పేవాడు కాదు. ఆ మాటల చాటున దాక్కోవడం అప్పుడు మరీ నీచంగా తోచింది.

"అవును. పని మీదే వచ్చాను. మీ అందర్నీ పని కోసమే తీసుకొచ్చాను. ఒట్టు తప్పాను తల్లీ. నాకు చాలా సిగ్గుగా ఉంది" అన్నాడు, మార్నీకి కూడా వినిపించేలా.

పైపర్ గట్టు ఎక్కింది. తువ్వాలు కప్పుకుని, అరగంట రూల్ రాసిన బోర్డు వైపు చూస్తూ అంది.

"నువ్వు మా దగ్గర తువ్వాలు పరిచి వెళ్ళిపోతావ్ నాన్నా. మేమేమో కుర్చీ నీదేనని కాపలా కాస్తాం."

మార్నీ అతనికి వీపు తిప్పి కూర్చుంది. కూతురి జుట్టు తుడుస్తూ ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే అతను వెళ్ళి, మొదటి వరసలో నాలుగు తువ్వాళ్ళు పరిచి, నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. టిఫిన్ వేళ దాటినా లేవలేదు. ముగ్గురూ వచ్చారు. ఎవరూ పలకరించలేదు, కానీ పైపర్ వచ్చి కూర్చున్నది అతని పక్క కుర్చీలోనే. కాసేపటికి ఎటో చూస్తూ, వీపుకి సన్‌స్క్రీన్ రాయమంది. కర్టిస్ జేబులోని ట్యూబు వైపు పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, అత్తగారి దగ్గర మంచిది అడిగి తెచ్చుకున్నాడు.

అప్పుడే మణికట్టు పట్టీ గుర్రుమంది. హేవర్టీ గొంతు, ఎంత మెల్లగా మాట్లాడినా దర్పం తగ్గని గొంతు, రాత్రి మనిషి వచ్చి పట్టుకెళ్ళిన చిప్ అందిందని, శభాష్ అని, ఇంకో పని తగిలిందని, మధ్యాహ్నం విమానం సిద్ధంగా ఉందని చెప్పింది. కర్టిస్ పట్టీ కోసేసి, పక్కన ఖాళీగా ఉన్న ఓ కుర్చీ మీద పెట్టి, గాలికి పోకుండా క్లిప్ తగిలించి వచ్చి, కూతురి వీపుకి క్రీము రాయసాగాడు.

పట్టీ అరగంట సేపు పిలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఆర్లీన్ లేచి, బోర్డు మీద రూల్ మరోసారి చదువుకుని, దాన్ని తీసి పారేసింది.