ఆపరేషన్ చతికిల

"పదకొండు గంటలకి ఆ ముసలావిడ ఆ రోడ్డు మీద ఉండకూడదు," అన్నాడు చీఫ్.

రబ్బరు గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదీ నలభై.

డిపార్టుమెంటులో అందరూ అతన్ని రబ్బరు అనే పిలుస్తారు. ఎక్కడికెళ్ళినా తన జాడ తానే చెరిపేసుకుని వస్తాడు మరి. ఇరవై ఏళ్ళ సర్వీసు, ఆరు పాస్‌పోర్టులు, లెక్కలేనన్ని మారువేషాలు. ఒక్కటే లోపం, మనిషి కుదురుగా ఒకచోట కూర్చోలేడు. ఇప్పుడు కూడా చీఫ్ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

"రిటైరైన లెక్కల టీచరు. నమోదు ఆఫీసు ముందు నాలుగు వందల మందిని పోగేసింది. కొత్త చట్టం తెలుసుగా? ఈ సాయంత్రం ఐదింటిలోగా తండ్రి పుట్టిన కాగితం చూపించని వాడు ఈ దేశపు పౌరుడు కాదు. కాగితాల్లేని వాళ్ళంతా ఆవిడ వెనక చేరారు. అందులో ఓ విదేశీ ముఠా దూరిందని ఇన్ఫర్మేషన్. ఆవిణ్ణి చడీచప్పుడు లేకుండా ఎత్తుకొచ్చెయ్. నాయకురాలు లేకపోతే గుంపు అదే చతికిలబడుతుంది. ఆపరేషన్ పేరు కూడా అదే, చతికిల."

"ఇన్ఫర్మేషన్ ఎవరిది?"

"ఇంకెవరిది? నెమలిది."

నెమలి అంటే డిపార్టుమెంటులో కుర్రాళ్ళు క్రాఫు సరిచేసుకుంటారు. పైకి టీవీ రిపోర్టరు, లోపల మన ఏజెంటు. ఆవిడ నల్ల కళ్ళద్దాలు తీసి ఒక్క చూపు చూస్తే ఎంతటి మొనగాడైనా రహస్యాలు కక్కేస్తాడని పేరు. రబ్బరుకి మాత్రం ఆవిడ ఎందుకో ఎప్పుడూ కొరుకుడుపడలేదు.

ఇంకో సంగతి కూడా అతన్ని నిలవనివ్వడం లేదు. తండ్రి పుట్టిన కాగితం మాట దేవుడెరుగు, అతనికి తండ్రెవరో తెలియదు. ఆసుపత్రి వరండాలో దొరికిన పిల్లాడు, అనాథాశ్రమంలో పెరిగాడు. ఆ చట్టం లెక్కన ఈ సాయంత్రం ఐదింటికి అతను కూడా ఈ దేశపు వాడు కాదు. ఇది చీఫ్‌కి చెప్పడానికి నోరు రాలేదు.

పదీ ఇరవైకి రబ్బరు జిరాక్స్ మెషిన్ మెకానిక్ అయిపోయాడు. మాసిన నీలం చొక్కా, గుండీలో కెమెరా, చెవిలో బఠాణీ గింజంత రేడియో, స్క్రూడ్రైవర్ పిడిలో మత్తుమందు సూది. నమోదు ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపే టీచరు మకాం. వచ్చేవాళ్ళ కోసం కోడ్ పెట్టుకున్నారని నెమలి ముందే చెప్పింది.

"ఎ-ఫోర్ కాగితం ఉందాండీ?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

లోపల స్టూలు మీద కూర్చున్న టీచరు కళ్ళజోడు పైనుంచి చూసింది. బక్కపలచని మనిషి, మెడలో పీటీ మాస్టర్ల ఈల.

"అది నిన్నటి కోడు బాబూ. పోలీసువా?"

రబ్బరు చేతిలో స్క్రూడ్రైవర్ పైకెత్తి చూపించాడు.

"మెకానిక్ గోళ్ళలో టోనర్ నలుపుంటుంది. నీ గోళ్ళు పెళ్ళికొడుకు గోళ్ళలా ఉన్నాయి. ఫరవాలేదు, లోపలికి రా. ఇక్కడ దాచేదేం లేదు."

"దాచేదేం లేకపోతే కోడెందుకండీ?"

"మావాళ్ళకి సరదా," అంది ఆవిడ. "నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కినవాళ్ళు, రోడ్లు ఊడ్చినవాళ్ళు. ఒక్క పూట గూఢచారులమని మురిసిపోతున్నారు."

రబ్బరు మెషిన్ మూత ఎత్తినట్టు నటిస్తూ సూది బిగించాడు. ఆవిడ ఆపకుండా చెప్పుకుపోతోంది. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు.

"ఈ చట్టంలో పంతొమ్మిదో సెక్షన్ చదివావా? ఆఫీసు దారికి అడ్డంగా కూర్చుంటే పౌర బాధ్యత ఉల్లంఘన. ఆరు నెలలు జైలు. కానీ ఆ కేసు పౌరుల మీదే పెట్టగలరు, పరాయి దేశం వాళ్ళ మీద చెల్లదు. అంటే మా మీద కేసు రాసిన ప్రతి కాగితం మీదా పోలీసులే 'పౌరుడు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్దాలి."

రబ్బరు చెయ్యి ఆగిపోయింది. "అంటే... అరెస్టు కావడానికే వచ్చారా?"

"మరి? పదకొండింటికి నేను ఈల వేస్తాను. వినగానే ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి, పక్కవాళ్ళ మణికట్టు పట్టుకోవాలి. ఆకాశం ఊడిపడ్డా లేవకూడదు. వారం రోజులు ప్రాక్టీసు చేయించాను. ఒక్కడు రాయి విసిరినా, ఒక్కడు పరిగెత్తినా అది అల్లరి కేసు. ఆ సెక్షన్ ఎవడి మీదైనా పెట్టచ్చు, రాత్రికి రాత్రి సరిహద్దు దాటించనూ వచ్చు. అందుకే నాకు భయం బాబూ. వీళ్ళ బతుకులన్నీ ఈ ఈలలో ఉన్నాయి." మెడలో ఈలని గుప్పిట్లో పట్టుకుంది.  "నీకు కాగితాలున్నాయా?"

"ఆరున్నాయి."

"అసలుది?"

రబ్బరు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని గబగబా బయటికొచ్చేశాడు. 

పదీ యాభై ఆరు. రోడ్డంతా జనం. ఆఫీసు మెట్ల మీద హెల్మెట్లతో పోలీసులు, తుపాకులు. జనానికీ పోలీసులకీ మధ్య టీవీ వాళ్ళు. నెమలి మైకు పట్టుకుని, ఎర్రటి పెదవులతో ఎవరికీ వినపడని వార్తలు చదువుతోంది. అతను పక్కనుంచి వెళ్తుంటే పెదవులు కదపకుండా అంది.

"ఆవిణ్ణి ఇంకా ఎత్తుకుపోలేదా రబ్బరూ? నాలుగు నిమిషాలే ఉంది."

రబ్బరు చూపు ఆవిడ కెమెరామన్ మీద పడింది. కెమెరా భుజాన ఉంది, ఎర్రలైటు వెలుగుతోంది, లెన్సు మీద మూత అలాగే ఉంది. కెమెరా స్టాండు సంచిని ఇంకొకడు రెండు చేతులా మోస్తున్నాడు, ముక్కుతూ.

 నాలుగడుగులు పక్కకి జరిగి చెవిలో రేడియో నొక్కాడు.

"సార్, పదకొండు గంటలని మీకు టైము చెప్పిందెవరు?"

"నెమలే. ఏం?"

"ముఠా ఈవిడే సార్! కెమెరా మూత కూడా తియ్యలేదు. సంచిలో బాంబో తుపాకో ఉంది. టీచరు లేకపోతే ఈల వేసేవాళ్ళుండరు, జనం పరిగెత్తుతారు. ఆ గందరగోళంలో పోలీసుల మీద ఒక్క గుండు పేలిస్తే చాలు, నాలుగు వందల శవాలు లేస్తాయి!"

"పిచ్చి పిచ్చిగా మాట్లాడకు. నెమలి మన మనిషి. ఆర్డర్ ఈజ్ ఆర్డర్. టీచర్ని ఎత్తుకొచ్చెయ్!"

ఇరవై ఏళ్ళలో అతను ఒక్క ఆర్డరు కూడా కాదనలేదు. రేడియో చెవిలోంచి పీకి జేబులో పడేసుకున్నాడు. షాపు వైపు పరుగెత్తాడు.

"టీచర్ గారూ, ఇప్పుడే! పదకొండు దాకా ఆగొద్దు!"

ఆవిడ అతని మొహం చూసింది. ఎందుకని అడగలేదు. రోడ్డు మీదికొచ్చి ఈల నోట్లో పెట్టుకుని ఊదింది.

నాలుగు వందల మంది ఒక్కసారిగా నేల మీద కూర్చున్నారు. మరుక్షణం టీవీ వాళ్ళ దగ్గర దబ్‌మని పేలుడు. నల్లటి పొగ. ఎవరో పసిపిల్ల కెవ్వుమంది. పోలీసులు తుపాకులెత్తారు. రబ్బరు చెయ్యి నడుం దగ్గర పిస్తోలు మీదికి దానంతట అదే పోయింది. కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. పొగలో తన చేతిలో పిస్తోలు కనపడితే మెట్ల మీద వాళ్ళు ఏం చేస్తారో అతనికి తెలుసు. పళ్ళు బిగించి దభేలున నేల మీద కూర్చున్నాడు. ఒక చేత్తో టీచరు మణికట్టు, ఇంకో చేత్తో ఎవరో మేస్త్రీ మణికట్టు పట్టుకున్నాడు. 

"లేవకండమ్మా! లేవకండి నాన్నా!" టీచరు అరుస్తూనే ఉంది.

ఎవరూ లేవలేదు.

పొగ పలచబడింది. రోడ్డు మీద నిలబడి ఉన్నవాళ్ళు ముగ్గురే. పొడుగాటి తుపాకీ సగం సంచిలోంచి లాగిన వాడొకడు, కెమెరా పారేసిన వాడొకడు, ఎత్తుమడమల చెప్పులు చేతిలో పట్టుకున్న నెమలి. దాక్కోవడానికి గుంపే లేదు. ముగ్గురూ పరుగు లంకించుకున్నారు. పోలీసు ఇన్‌స్పెక్టరుకి బుర్ర గోక్కునే పని కూడా లేకపోయింది.

"పరిగెత్తేవాళ్ళని పట్టుకోండ్రా!" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి స్టేషన్ ఆవరణలో క్యూ సాగుతోంది. రైటర్ ఒక్కొక్కర్నీ పిలిచి, పంతొమ్మిదో సెక్షన్ కింద కేసు రాసి, ముద్ర గుద్ది కాపీ ఇస్తున్నాడు. కాగితం అందుకున్న ఓ కుట్టుపనామె దాన్ని రవికెలో దాచుకుని భోరుమంది.

చీఫ్ కారు దిగి గబగబా వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నెమలి మొత్తం కక్కేసిందిరా. నీ ఋణం తీర్చుకోలేం. రా, నువ్వు మా వాడివని చెప్పేశాను, నీ మీద కేసుండదు."

"వద్దు సార్. కేసుండాలి."

"ఆరు నెలలు లోపలేస్తారు!"

"వెయ్యనివ్వండి. నాకు తండ్రి కాగితం లేదు సార్."

 ఈలోగా రబ్బరు వంతు వచ్చింది.

"పేరు?" అన్నాడు రైటర్.

అనాథాశ్రమంలో ఆయా పెట్టిన పేరు చెప్పాడు. ఎప్పుడూ వాడని పేరు.

"పౌరుడేనా?"

"పౌరుణ్ణే."

ముద్ర పడింది. అతను ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, వెనక గోడ వారగా ఉన్న బెంచీ మీద టీచరు పక్కన కూర్చున్నాడు. కాళ్ళు చాపుకుని, హాయిగా.

చీఫ్ ఇటూ అటూ చూశాడు. దగ్గరికొచ్చి టీచరు ముందు వంగి, చెవిలో చెప్పినట్టు అడిగాడు.

"టీచర్ గారూ, మా ఆవిడకీ కాగితాల్లేవండీ. ఐదింటిలోగా ఇంకోసారి ఎక్కడైనా కూర్చుంటున్నారా?"