బొంతలక్క చెయ్యి

చీకటి పడ్డాక బొంతల కొట్టు వెనక సందులోంచి ఎవరూ నడవరు. చుట్టు తిరిగైనా పెద్దరోడ్డు మీదుగానే పోతారు. ఆ సందులోకి ఒక కిటికీ ఉంది... ఆ కిటికీ వెనకున్న గదికి మంచి పేరు లేదు.

ఆ గదిలో కుర్చీ, కూర్చున్నవాళ్లని లేవనివ్వదంటారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. కొట్టు నడిపిన పెద్దావిడ — అందరికీ బొంతలక్క — ఒక వానరాత్రి కంప్యూటర్ ముందు ఆ కుర్చీలో కూర్చుంది. తెల్లారి చూస్తే అలాగే కూర్చుని ఉంది. చెయ్యి మౌస్ మీదే ఉంది... ప్రాణం మాత్రం లేదు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. వీధి అంతటితో ఊరుకుంటుందా? ఇస్త్రీ బండాయన ఇంకో ముక్క అతికించాడు. ఆవిడ పోయాక కూడా అర్ధరాత్రి ఆ కిటికీ అద్దం మీద రంగులు కదలడం చూశాడట. ధైర్యం చేసి తొంగి చూస్తే... కుర్చీ ఖాళీ. ఆ రోజు నుంచి ఆయన బండి సందు మొదట్లోనే ఆగిపోతోంది.

ఇదంతా బొంతలక్క చెల్లెలు వినని కథ కాదు. విని కూడా రోజూ రాత్రి ఆ గదిలోకే వెళ్లేది. అక్క కూతురు ఆవిడని పిన్నీ అంటుంది కాబట్టి మనమూ పిన్ని అనే అందాం.

అక్క కంప్యూటర్లో బొంతల నమూనాలు గీసేది, పిన్ని వాటిని కుట్టేది. సూది పడితే పిన్నికి తిరుగులేదు గాని, కంప్యూటరంటే ఆమడ దూరం. కానీ అక్క చివరగా మొదలుపెట్టిన బొంత సగంలో ఆగిపోయి ఉంది. అది కూతురి కోసం. పిల్ల చిన్నప్పటి గౌన్లన్నిటికీ ఫొటోలు తీసి, ముక్కలుగా అందులో దాచుకుంది. అసలు బొంతలు గీసే ఆ ప్రోగ్రాం తల్లికి నేర్పిందీ, అందులో తల్లి పేరు 'బొంతలక్క' అని పెట్టిందీ ఆ పిల్లే.

ఇప్పుడా పిల్ల ఎక్కడో దూరాన హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. తల్లి పోయినప్పుడు వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఆ తలుపు వానకి బిగుసుకుపోతుందని నీకు తెలుసు. పిలిచినా వినపడదని తెలుసు. పైన హాయిగా నిద్రపోయావు, పిన్నీ."

అంతే. మళ్లీ పిన్ని ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

కడుపున పుట్టిన పిల్లలు లేరు పిన్నికి. ఉన్నది ఆ ఒక్క పిల్లే. అందుకే ఆవిడకి ఒకటే పట్టుదల... ఆ బొంత గీత పూర్తిచేసి, కుట్టి, చంకన పెట్టుకుని పోయి హాస్టల్ గుమ్మంలో నిలబడాలి. తిడితే తిట్టనీ, తలుపు తీస్తే చాలు.

'కొత్తగా నేర్చుకునేవారికి' అని ప్రోగ్రాంలోనే పాఠాలున్నాయి. మొదటి పాఠం, బొంత గళ్లు తెర మీదకి తేవడం. రెండోది, పక్కనున్న పెట్టెలోంచి గుడ్డముక్క పట్టుకుని గడిలోకి లాగడం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, రాత్రి ఎంత పొద్దుపోయినా దాంతోనే కుస్తీ. ఆపే పాఠం దాకా ఇంకా రాలేదు కాబట్టి కంప్యూటర్‌ని అలాగే వదిలేసి వెళ్లి పడుకునేది. మర్నాడు చూస్తే తను పెట్టిన ముక్కలు కాస్త జరిగి ఉండేవి. నేనే ఏదో నొక్కి ఉంటాను అని సరిపెట్టుకునేది.

ఆ రాత్రి వాన దంచి కొడుతోంది. గాలికి తలుపు కొట్టుకుంటోందని గట్టిగా నెట్టి కూర్చుంది పిన్ని. వానకి ఉబ్బిన చెక్క... చట్రంలో బిగుసుకుపోయింది. ఆ సంగతి అప్పుడు చూసుకోలేదు.

పసుపు గౌను ముక్క ఒకటి పట్టుకుంది. పిల్ల ఆ గౌను ఉతకడానిక్కూడా ఇచ్చేది కాదు. నవ్వుకుంటూ దాన్ని గడిలోకి లాగింది. అలవాటు కొద్దీ అంచుని పక్క ముక్క మీదకి గోరంత ఎక్కించింది. చేత్తో కుట్టేవాళ్లు అంచు కొంత కుట్టులోకి పోతుందని వదులుతారు. ఆ వదిలేదేదో కంప్యూటరే చూసుకుంటుందని పిన్నికి ఎవరు చెప్పాలి?

మౌస్ వదిలి నీళ్ల సీసా అందుకుంది.

ముక్క కదిలింది.

పిన్ని చేతులు రెండూ సీసా మీదే ఉన్నాయి... తెర మీద పసుపు ముక్క మెల్లగా వెనక్కి జరిగి, గీతకి ఆనుకుని ఆగింది. దాని మీద చిన్న చెయ్యి బొమ్మ. చెయ్యి కింద పేరు —

బొంతలక్క.

సీసా జారి కిందపడింది. పిన్ని ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి పోయి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. పిడి ఊడి చేతికొచ్చింది గాని తలుపు రాలేదు. "ఏవండీ!" అని అరిచింది. పైన మొగుడు, చెవి మిషను తీసి పడుకుంటే నెత్తిన పిడుగు పడ్డా లేవడు. కిటికీకి ఇనప ఊచలు. అవతల వాన... పిల్లపురుగు లేదు. ఉంటే మాత్రం ఆ సందులోకి వస్తారా?

కుడితిలో పడ్డ ఎలుకలా గదంతా తిరిగి చివరికి ఆ కుర్చీలోనే కూలబడింది.

తెర మీద చెయ్యి ఇంకా పని చేస్తోంది. పిన్ని ఎక్కించిన ముక్కల్ని ఒక్కొక్కటే లాగి గీతకి సర్దుతోంది. అక్క బతికున్నప్పుడూ అంతే... పిన్ని కుట్టింది విప్పి సరిచేస్తే గాని నిద్రపోయేది కాదు.

"అక్కా... నువ్వేనా?"

చెయ్యి ఆగింది.

"నన్ను లేవనివ్వవా, అక్కా?"

అప్పుడు... తలుపు అవతల, కొట్లో, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పిన్ని ఫోన్ మోగింది.

ఆ పాట ఒక్కరి కోసమే పెట్టుకుంది. ఇన్నాళ్లుగా వినపడని పాట. పిల్ల ఫోన్ చేస్తోంది... తనేమో ఇవతల!

తలుపుని గుద్దింది, తన్నింది, గోళ్లతో గీరింది. "వస్తున్నా, ఉండమ్మా!" అని చెక్కతో మొరపెట్టుకుంది. పాట ఆగిపోయింది. తెర మీద చెయ్యి గిరగిరా తిరిగింది, ఏదో వెతుకుతున్నట్టు. మళ్లీ పాట మొదలైంది... చెయ్యి ఆగింది. పాట ఆగింది... చెయ్యి తిరిగింది. ఆ తర్వాత పాటా లేదు, చెయ్యీ లేదు.

పిన్ని నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. దెయ్యం భయం కూడా అప్పుడు గుర్తులేదు. ఒక్కసారి తలుపు తట్టింది ఆ పిల్ల, ఇంకెప్పుడూ తట్టదు.

పైన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు... బరువుగా, తడబడుతూ. తలుపు దగ్గర ఆగాయి.

ధబ్!

ధబ్!

తలుపు చట్రంతో సహా ఊగి తెరుచుకుంది. బనీనుతో ఆయన. చేతిలో ఆయన ఫోన్.

"దిండు కింద ఫోన్ ఒకటే అదురు! పిల్లేమో ఏడుస్తోంది. ఒక్క ముక్క వినపడి చావలేదు, తలుపు అన్నట్టుంది... నువ్వు పక్కన లేవు. ఏమైందే నీకు?"

పిన్ని ఫోన్ లాక్కుంది.

"పిన్నీ... బాగానే ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఇక్కడ... కంప్యూటర్లో... మీ అమ్మ..."

"అది నేనే, పిన్నీ. ఆ ప్రోగ్రాంలో అమ్మకీ నాకూ ఒకటే పేరు. రోజూ రాత్రి నేనిక్కణ్ణుంచి, అమ్మక్కణ్ణుంచి కలిసి గీసేవాళ్లం. అమ్మ పోయాక కూడా రోజూ తెరిచి చూసుకుంటున్నా. ముక్కలు మారుతుంటే మొదట అమ్మే అనుకున్నాను. తర్వాత చూస్తే... ముక్క మీదికి ముక్క ఎక్కించి ఉంది. కుట్టుకని వదిలేది నువ్వే కదా."

పిన్నికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మరి ఇన్నాళ్లూ లేనిది ఇవాళ ఫోనెందుకు చేశావే?"

అవతల వాన చప్పుడు వినపడుతోంది. అక్కడా వానే.

"ఇవాళ నేను చూస్తుండగానే నీ చెయ్యి ఆగిపోయింది, పిన్నీ... ఆ రాత్రి అమ్మ చెయ్యి కూడా ఇలాగే ఆగిపోయింది. ముక్క పట్టుకుని, సగంలో. కునుకు తీసిందనుకున్నాను. నవ్వుకుని... నేనూ పడుకున్నాను."

హాయిగా నిద్రపోయావు అన్న మాట ఇన్నాళ్లూ ముల్లులా గుచ్చుకుంటోంది. అది ఆ పిల్ల తనను తాను అనుకున్న మాట. అంత దూరాన ఉండి కూడా ఆ పిల్ల ఇదే గదిలో చిక్కుకుని ఉంది, పిలిచినా ఎవరికీ వినపడకుండా.

"కుర్చీలో కూర్చో, పిన్నీ. మౌస్ పట్టుకో."

"కూర్చున్నానమ్మా."

"కదుపుతూ ఉండు... ఆగకు."

ఆయన కుట్టుమిషను లాక్కొచ్చి, తలుపు మళ్లీ మూసుకోకుండా అడ్డం పెట్టాడు. పిన్ని ఇంకో గౌను ముక్క పట్టుకుని గడిలోకి లాగింది. అలవాటు కొద్దీ అంచు పక్క ముక్క మీదికి గోరంత ఎక్కింది.

బొంతలక్క చెయ్యి వచ్చి ఆ అంచు మీద కాసేపు నిలబడింది. ఈసారి దాన్ని సరిచెయ్యలేదు.